నలుపులో పోయిన మామ్మ: ఒక ప్రింటింగ్ కేసు

మాది బరంపురం, గంజాం జిల్లా. ఫొటో స్టూడియో, దాని వెనక చిన్న ప్రింటింగ్ గది. పెళ్ళి ఆల్బమ్‌లు, పాస్‌పోర్ట్ ఫొటోలు ఎలాగూ ఉంటాయి గానీ ఏడాది పొడుగునా షాపు అద్దె కట్టేది దండ ఫొటోలే. అంటే చనిపోయినవాళ్ళ ఫొటోలు. ఆధార్ కార్డులోంచి ముఖం, ఎవరిదో పెళ్ళిలో తీసిన గుంపు ఫొటోలోంచి భుజాలు, నా దగ్గరున్న ఫైళ్ళలోంచి ఒక పట్టుచీర, ఈ మూడూ అతికించి దినం నాటికి నిండైన మనిషిని ఫ్రేములో పెట్టి ఇస్తాను. కళ్ళు మూసుకున్న ఫొటో ఒక్కటే ఉందంటే కళ్ళు కూడా తెరిపిస్తాను. ఇందులో వింత ఉన్నట్టు నాకెప్పుడూ అనిపించలేదు, ఈ కేసు వచ్చేదాకా.

చీకటి బొమ్మ ప్రింటుకి వస్తే మనవాళ్ళు చేసే తప్పులన్నీ ఇందులో నేను వరసపెట్టి చేశాను, అందుకే రాస్తున్నాను. ఆర్టిస్టు పేరు, వీధి, ఏ సంవత్సరం అన్నది చెప్పను. బొమ్మల్లో కొన్ని వివరాలు మార్చాను. అతన్ని కుర్రాడు అంటాను, ఇదంతా అతనికి చూపించాకే పెడుతున్నాను.

కుర్రాడు, అతని బొమ్మలు

నేతపని చేసిన ఇల్లు. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. తెలుగు గడగడా మాట్లాడతాడు, చదవడం రాదు, నాకు మెసేజ్ పెడితే ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగు పెడతాడు. మా ఊళ్ళో చాలామంది తెలుగు పిల్లలు ఇంతే. రెండేళ్ళకోసారి వచ్చే ఠాకురాణి జాతర చూస్తూ పెరిగాడు. అమ్మవారు నేతవాళ్ళ వీధికి పుట్టింటికి వచ్చినట్టు వస్తుంది, అన్నాళ్ళూ ఊరంతా వేషాలే. నాలుక చాపిన కాళి టీ కొట్టు దగ్గర చిల్లర లెక్కపెట్టుకుంటూ ఉంటుంది. పులివేషం కట్టినవాడు ఒంటినిండా పసుపు రంగు, చారలతో సైకిలెక్కి ఇంటికి పోతూ ఉంటాడు. ఇవి చూసిన పిల్లాడికి ముఖం అంటే మార్చుకునేదేననిపించడంలో ఆశ్చర్యం లేదు.

టాబ్లెట్ మీద, స్టైలస్‌తో గీస్తాడు. అన్నీ ముఖాలే, అన్నీ ఇంట్లోవాళ్ళవీ వీధిలోవాళ్ళవీ. దవడ ఉండాల్సిన చోట తలుపు గొళ్ళెం, చెంప చీలితే లోపల ఇంకో చిన్న ముఖం, అలాంటివి. చూస్తే కడుపులో తిప్పుతుంది గానీ కళ్ళు పక్కకి పోవు. ఫోన్‌లో పోలెండ్ చిత్రకారుడు బెక్షిన్‌స్కీ బొమ్మలు వందల కొద్దీ దాచుకున్నాడు. 1929లో పుట్టి 2005లో పోయాడాయన. ఎముకలు, శిథిలాలు, ముఖం లేని మనుషులు గీసి దేనికీ పేరు పెట్టలేదు, చివరి రోజుల్లో కంప్యూటర్ మీద ఫొటోలు కలిపి బొమ్మలు చేశాడు. మా కుర్రాడు కూడా పేర్లు పెట్టడు. ఫైళ్ళకి అంకెలే.

ఏం జరిగిందని వచ్చాడు

ఊళ్ళో ఒక చిన్న హాల్లో మూడు రోజులు బొమ్మలు పెట్టే అవకాశం వచ్చింది. మొత్తం 7 బొమ్మలు. ఒకటి ముందుగా ఫ్లెక్సీ షాపులో ఏ2 సైజులో ప్రింట్ చేయించాడు. చుట్టగా పట్టుకొచ్చి నా కౌంటర్ మీద విప్పాడు.

"అన్నయ్యా, మామ్మ కనబడట్లేదు. పళ్ళు కనబడుతున్నాయి, అంతే."

నిజమే. బొగ్గు బస్తా మీద ఎవరో పళ్ళసెట్టు పెట్టినట్టుంది. టాబ్లెట్ తీసి అసలు బొమ్మ చూపించాడు. వాళ్ళ మామ్మ ముఖం. కళ్ళ గుంటల్లో రెండు తెల్లటి పట్టుకాయలు, అంటే పట్టుపురుగు గూళ్ళు. తెరిచిన నోట్లోంచి పోగులు, వందల పోగులు, పడుగులా సాగి బొమ్మ కిందికి దిగిపోతున్నాయి. జుట్టు కూడా పోగులే, నలుపులో నలుపు, కొంచెం పక్కకి వంచి చూస్తే ఒక్కొక్కటీ మెరుస్తోంది. వెనక చీకటి. నేను చాలాసేపు ఏమీ మాట్లాడలేదు.

ఏమేం చేశాను, ఎందుకు చేశాను

మొదట ఫ్లెక్సీ మిషన్‌ని తిట్టాను. అది రోడ్డు అవతలి నుంచి చూసే బోర్డులకి, అంగుళం దూరంలో చూసే పోగులకి కాదు, నా దగ్గర ఒదిలెయ్ అన్నాను. ఆ మాటలో సగమే నిజం.

ఆల్బమ్‌లకి వాడే గ్లాసీ పేపర్ మీద 12×18 అంగుళాల ప్రింట్ తీశాను. నలుపు దిట్టంగా వచ్చింది. కానీ జుట్టు పోగులు రాలేదు. పైగా షాపులో ట్యూబ్‌లైటు, షట్టరు, వాటితో పాటు నా ముఖం కూడా ఆ నలుపులో కనబడుతున్నాయి. మామ్మని చూద్దామని వంగితే నాకు నేనే కనిపించాను. భయంకరమైన బొమ్మకి ఇదీ ఒక ఎఫెక్టే కదా అన్నాను, కుర్రాడు నవ్వలేదు.

తర్వాత బ్రైట్‌నెస్ పెంచాను. దీనికి నాకు క్షమాపణ లేదు, పదిహేనేళ్ళ కిందటి నేనైతే సరే. వెలుగునీడలు మార్చే కర్వ్ గీతని మధ్యలో పట్టుకుని పైకి లాగాను, పోగులు బయటికొచ్చాయి, దాంతో పాటు వెనకున్న చీకటి పొగమంచు అయిపోయింది, పట్టుకాయల్లో ఉన్న నీడ చెరిగిపోయి రెండు పింగ్‌పాంగ్ బంతులయ్యాయి. మామ్మ పిల్లల్ని భయపెట్టడానికి సున్నం పూసుకున్నట్టుంది. మొత్తం లాగితే మొత్తం మారుతుంది. నాకు కావాల్సింది అడుగున ఒక పొర మాత్రమే.

మూడోసారి డబ్బు మీద నమ్మకం పెట్టాను. ఖరీదైన కాటన్ పేపర్, మెరుపు లేనిది, పెద్ద ఊళ్ళలో ఆర్ట్ ప్రింట్లకి వాడేది. తెప్పించి ఒక షీటు వేశాను. బొగ్గు కాస్తా బూడిదయింది. ఇక్కడ నాకు ముందే తెలిసిన లెక్క ఒకటి ఉంది, ఆశలో పడి మర్చిపోయాను. మంచి మానిటర్‌లో తెలుపుకీ నలుపుకీ తేడా 1000కి 1 దాకా ఉంటుంది. మెరుపు ఉన్న ఫొటో పేపర్ మీద సుమారు 200కి 1. మెరుపు లేని కాటన్ పేపర్ మీద 40, 50కి 1 వస్తే గొప్ప. వెలుగు వెదజల్లే తెర మీద గీసిన చీకటిని వెలుగు తిరగ్గొట్టే కాగితం మీదికి దించుతున్నాం. మెట్లు తక్కువున్న ఇంట్లోకి పెద్ద ఇంటి సామాను ఎక్కించాలి. అలాంటప్పుడు అన్నిటికన్నా తక్కువ మెట్లున్న కాగితం ఎంచుకున్నాను నేను.

ఇక్కడ ఆగిపోయి, మొదటి రోజే అడగాల్సిన ప్రశ్న అప్పుడు అడిగాను. "నువ్వు ఎక్కడ కూర్చుని గీస్తావురా?"

రాత్రి, అందరూ పడుకున్నాక, లైటు తీసేసి, దుప్పట్లో. టాబ్లెట్ బ్రైట్‌నెస్ పూర్తిగా పెట్టి. ప్రింటుతో పోల్చుకునే మానిటర్ని మేం 80 నుంచి 120 క్యాండెలా (తెర వెలుగు కొలత) మధ్య ఉంచుతాం, అతని తెర దానికి ఎన్నో రెట్లు. పైగా చుట్టూ చీకటి, కంటిపాప విప్పారి ఉంటుంది. ఆ కంటికి నలుపులో నలుపు కూడా పట్టపగల్లా ఉంటుంది. మిగతా లోకం ఆ బొమ్మని ట్యూబ్‌లైటు కింద చూస్తుంది.

లెక్క

ఫైలు తెరిచి రంగు చూసే డ్రాపర్‌తో ఒక్కొక్క చోటా అంకెలు రాసుకున్నాం. 0 అంటే కటిక నలుపు, 255 అంటే పూర్తి తెలుపు. వెనక చీకటి 0 నుంచి 4. చీర 5 నుంచి 9. జుట్టు 6 నుంచి 11. అంటే మూడూ ఒకే గదిలో పడుకున్నాయి.

ఆ తర్వాత ఒక పట్టీ చేశాను. 0, 2, 4, 6 అలా 40 దాకా పక్కపక్కనే గళ్ళు. దాన్ని రెండు కాగితాల మీదా ప్రింట్ తీసి, రాత్రంతా ఆరనిచ్చి, పొద్దున్న కిటికీ దగ్గర చూశాం. కాటన్ పేపర్ మీద 18 దాకా అన్ని గళ్ళూ ఒకటే నలుపు. సాటిన్ పేపర్, అంటే సగం మెరుపున్నది, దాని మీద 8 దగ్గరే గళ్ళు విడిపోయాయి. ఆ పట్టీ కుర్రాడి చేతికిచ్చి, నీ మామ్మ జుట్టు ఇందులో ఎక్కడుందో చూపించు అన్నాను. వేలు పెట్టాడు. కాటన్ మీద ఆ వేలి కింద ఏమీ లేదు. అప్పటిదాకా నేను చెప్పింది వాడికి షాపువాడి కబుర్లలాగే ఉండి ఉంటాయి, ఆ పట్టీతో మాత్రం గొడవ ఆగింది.

ఆగిందనుకున్నాను. జుట్టుని 20కి, 30కి లేపుదాం అనగానే మళ్ళీ మొదలు. "నా నలుపు తీసేస్తానంటావేంటి అన్నయ్యా." స్పెయిన్ చిత్రకారుడు గోయా బొమ్మలు తెరిచి చూపించాను. 1819, 1823 మధ్య మాడ్రిడ్ బయట తన ఇంటి గోడల మీద గీసుకున్న నల్ల చిత్రాలు, ఇప్పుడు ప్రాడో మ్యూజియంలో ఉన్నాయి. కొడుకుని తింటున్న శాటర్న్ బొమ్మలో వెనకంతా చీకటే, కానీ ఆ ఒళ్ళు చూడు, పసుపుపచ్చగా ఎంత వెలుగులో ఉందో అన్నాను. ఒప్పుకోలేదు. అది రంగుతో వేసింది, నాది వెలుగుతో వేసింది అన్నాడు. సమాధానం బాగానే ఉంది, నా ప్రింటర్‌కి మాత్రం వెలుగు పొయ్యడం రాదు.

వాదన మానేసి పరీక్ష పెట్టాను. జుట్టు, భుజం ఉన్న ముక్క ఒక్కటి రెండు రకాలుగా ప్రింట్ తీశాను. ఒకటి అతని ఫైలు ఉన్నది ఉన్నట్టు. రెండోదాంట్లో వెనక చీకటిని ముట్టుకోలేదు, 0 నుంచి 4 అలాగే ఉంది. చీరని 16, 22 మధ్యకి లేపి కొంచెం గోధుమ రంగు వైపు తిప్పాను, జుట్టుని 20, 30 మధ్యకి లేపి నీలం వైపు తిప్పాను. వెనక పెన్సిల్‌తో గుర్తులు పెట్టి, ఏది ఎక్కువ నల్లగా ఉందో చెప్పు అన్నాను. తడుముకోకుండా రెండోది చూపించాడు. తిప్పి చూసుకుని మళ్ళీ ఇటు తిప్పాడు. పక్కన ఏదో కనబడుతుంటేనే దాని పక్కనున్న చీకటి లోతుగా అనిపిస్తుంది. అంతా ఒకే నలుపైతే అది చీకటిలా ఉండదు, ఇంకు పూసిన కాగితంలా ఉంటుంది.

ఆ నీలం, గోధుమ రంగు ఆలోచన ఎక్కడి నుంచి వచ్చిందో చెప్పాలి. దండ ఫొటోలకి వచ్చేవాళ్ళలో చాలామంది ముఖం చామనఛాయ, ఫొటో తీసింది చీకటి గదిలో ఫోన్‌తో. ఇంట్లోవాళ్ళు కొంచెం తెల్లగా చెయ్యండి అంటారు. తెల్లగా చేస్తే మా నాన్న ఇలా ఉండడు అని వాళ్ళే వెనక్కి తెస్తారు. అందుకని నేను తెలుపు ముట్టుకోను. జుట్టుని చల్లగా, చర్మాన్ని వెచ్చగా ఒక వెంట్రుకవాసి జరుపుతాను, దవడ అంచున సన్నటి వెలుగు గీత వేస్తాను. రంగు అలాగే ఉంటుంది, ముఖం బయటికొస్తుంది. ఖరీదైన ఆర్ట్ పేపర్ పాఠాలకన్నా ఆ అలవాటే ఈ బొమ్మకి పనికొచ్చింది.

ఇంకొక చిన్న మాట, ప్రింటింగ్ చేసేవాళ్ళకి. ఫొటోషాప్‌లో సాఫ్ట్ ప్రూఫ్ (ప్రింట్ ఎలా వస్తుందో తెర మీదే చూపించేది) పెట్టి కాగితం రంగు చూపించమని టిక్ పెడితే బొమ్మ ఒక్కసారిగా పాలిపోతుంది. అందరం కంగారుపడి ఆ టిక్ తీసేస్తాం. తియ్యకండి, చేతికి వచ్చేది ఆ పాలిపోయినదే.

నేను చేసిన అసలు తప్పు

పెద్ద ప్రింట్ తీసి ఆరబెట్టాను. షాపులో ప్రింట్లు ఆరేసే తీగ ఒక్కటే ఉంది. ఆ రోజు దాని మీద అప్పటికే మూడు దండ ఫొటోలు ఉన్నాయి, నాలుగోదిగా మామ్మని తగిలించి భోజనానికి వెళ్ళాను.

ఎదురు టీ కొట్టాయన చూశాడు. "అయ్యయ్యో, ముసలమ్మ ఎప్పుడు పోయింది?" సాయంత్రానికి ఆ మాట వాళ్ళ వీధికి చేరింది.

మర్నాడు పొద్దున్నే మామ్మే వచ్చింది, కోడలి చెయ్యి పట్టుకుని. కుర్రాడు వెనకాల తల దించుకుని. ఆ కోడలే, కుర్రాడి తల్లి, గుమ్మంలోంచే అందుకుంది, "బతికున్న మనిషిని చచ్చినోళ్ళలో కలిపేస్తారేటండీ?" నా దగ్గర జవాబు లేదు. ఇది బొమ్మ అండి, ఆర్ట్ అండి అని ఏదో నసిగాను. కుర్రాడు నవగుంజరం సంగతి ఎత్తాడు. ఒడియా మహాభారతంలో కృష్ణుడు తొమ్మిది జంతువుల ఒళ్ళు కలుపుకుని అర్జునుడి ముందుకొస్తాడు కదా, కోడి తల, నెమలి మెడ, పాము తోక, ఒక చెయ్యి మనిషిది, పటచిత్రాల్లో దాన్ని గీస్తే దండం పెడతారు కదా అని. తల్లి అతనివైపు చూసిన చూపుకి ఆ వాదన అక్కడే చచ్చింది.

మామ్మకి ఇవేమీ పట్టలేదు. ఆవిడకి చూపు ఆనదు. బొమ్మకి బెత్తెడు దూరంలో ముఖం పెట్టి పైనుంచి కిందికి చూసుకుంటూ వచ్చింది. పళ్ళ మీద వేలు పెట్టింది. ఇంకు పూర్తిగా ఆరలేదు, అయినా నేను ఊరుకున్నాను. తర్వాత వేలు కళ్ళ మీదికి పోయింది.

"ఇవేటి, కోడిగుడ్లా?"

"పట్టుకాయలు మామ్మా."

"నేనెప్పుడు చూశానురా పట్టుకాయ? మనింటికి పట్టు కట్టలుగా కదా వచ్చేది. కండెలు చుట్టి చుట్టి పోయాయి నా కళ్ళు. కండెలు పెట్టు."

అంతే అంది. దయ్యంలా ఉంది అనలేదు, అపశకునం అనలేదు.

తర్వాత ఏం మారింది

కుర్రాడు నాలుగు రోజులు కనబడలేదు. వచ్చేటప్పుడు కొత్త ఫైలు తెచ్చాడు. పట్టుకాయల చోట రెండు కండెలు, అంటే నేతలో పోగు చుట్టే గొట్టాలు, కొసవైపు నుంచి చూస్తున్నట్టు, మెరూన్ పోగు చుట్టలు చుట్టలుగా కనుపాపలా ఉంది. మొదటిదానికన్నా ఇది వెన్నులో వణుకు పుట్టించింది, ఎందుకంటే పట్టుకాయ ఊహ, కండె ఆవిడ చేతిలోది.

ప్రింటుకి పెట్టాక నాకు అసలు విషయం తెలిసింది. పాత ఫైల్లో పట్టుకాయలు 250 దగ్గర, దాదాపు కాగితం తెలుపు. కొత్త ఫైల్లో అన్నిటికన్నా వెలుగున్నవి పళ్ళు, అవి 190 దాటవు. ఇన్ని రోజులు నేను అడుగున నలుపుతో కుస్తీ పడుతున్నాను, అడ్డం ఉన్నది పైన. జాతీయ రహదారి 16 మీద రాత్రి బండి నడిపినవాళ్ళకి తెలుస్తుంది, ఎదురు లారీ హెడ్‌లైటు కంట్లో పడితే రోడ్డు పక్కన నడుస్తున్న మనిషి మాయమైపోతాడు. ఆ రెండు తెల్ల గుడ్లు చేసిన పని అదే. అవి పోగానే జుట్టు, చీర, నోట్లోంచి దిగే పోగులు అన్నీ వాటంతటవే లేచాయి. జుట్టుని 30 దాకా లేపాల్సిన పని లేకుండా 24 దగ్గరే ఆపాను. అతని నలుపులో కొంత అతనికి తిరిగి దక్కింది.

మిగతా ఆరు బొమ్మలకి కూడా అదే వరస పాటించాం. ముందు బొమ్మలో అన్నిటికన్నా తెల్లనిది ఏదో చూసి, అది అంత తెల్లగా ఉండక్కర్లేకపోతే దించాం. ఆ తర్వాతే నలుపు జోలికి వెళ్ళాం. రెండు బొమ్మలకి నలుపు ముట్టుకోవాల్సిన అవసరమే రాలేదు. ఇప్పుడు ఎవరు చీకటి ఫైలు తెచ్చినా నేను మొదట అడిగేది రెండే: ఏ వెలుగులో గీశావు, ఏ వెలుగులో వేలాడుతుంది. కాగితం సంగతి ఆ తర్వాత. పట్టీ ప్రింట్ తియ్యకుండా పెద్ద షీటు వెయ్యను. తీగ కూడా రెండోది కట్టించాను, గది లోపల.

కాగితం సాటిన్‌కే ఖాయం చేశాం. హాల్లో మూడు రోజులే కాబట్టి అద్దం వద్దన్నాను, నల్ల బొమ్మకి అద్దం వేస్తే చూసేవాడి ముఖమే కనబడుతుందని అప్పటికే నాకు బుద్ధొచ్చింది. ట్యూబ్‌లైట్లు ఆపించి, ఒక్కో బొమ్మకి పైనుంచి ఏటవాలుగా ఒక్కో ఎల్‌ఈడీ లైటు పెట్టాం. నేరుగా పెడితే సాటిన్ కూడా తళతళలాడుతుంది. హాలు చూసుకునే పెద్దాయన మొదటి రోజు లోపలికొచ్చి, ఇవేం బొమ్మలయ్యా అని వెళ్ళిపోయాడు, రెండో రోజు భార్యని తీసుకొచ్చాడు. ఒకావిడ మామ్మ బొమ్మ ముందు నిలబడి పోగులు లెక్కపెట్టడం మొదలుపెట్టింది. ఆవిడా నేతవాళ్ళ ఇంటి మనిషే అయ్యుంటుంది, లేకపోతే అలా లెక్కపెట్టరు.

తల్లి రాలేదు. మామ్మ వచ్చింది, ఆటోలో, చివరి రోజు. తన బొమ్మ కన్నా పక్క బొమ్మలో ఉన్న పొరుగింటాయన్ని చూసి ఎక్కువ నవ్వింది.

వారం తర్వాత మామ్మ మనవణ్ణి మాత్రమే వెంటబెట్టుకుని స్టూడియోకి వచ్చి కుర్చీలో కూర్చుంది. "దండకి అది వద్దు బాబూ. మామూలుది ఒకటి తీసిపెట్టు." కట్టుకున్న పట్టుచీర ఆవిడదే, ఫైల్లోంచి అతికించాల్సిన పని పడలేదు. తలుపు వెలుగులోనే తీశాను. కంట్లో తెల్లపొర బాగా కనబడుతోంది, అది ఉంచాలా తియ్యాలా అని అడిగాను.

"తీసెయ్. అక్కడైనా కనబడాలి కదా."

తీసేశాను. ఫైలు నా దగ్గరే ఉంది, ప్రింట్ ఇంకా ఎవరూ అడగలేదు.